మంత్రి గారూ, కాటన్ దొరకి దండ వేశారు, ఆయన కాలువ చివరికి కూడా ఒక్కసారి రండి

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను గోదావరి తూర్పు డెల్టాలో, కాలువ చిట్టచివరి తూము కింద వ్యవసాయం చేసుకునే రైతుని. ఇది నా నాలుగో అర్జీ అనుకోండి. మొదటి మూడూ పద్ధతి ప్రకారమే ఇచ్చాను, ఆధార్, పాసుపుస్తకం జిరాక్సులు పెట్టి, ముద్ర వేయించుకుని, రసీదు జేబులో పెట్టుకుని వచ్చాను. మూడింటికీ ఫోనుకి ఒకటే మెసేజ్, మీ సమస్య పరిష్కరించబడినది అని. మూడోసారి ఆ మెసేజ్ వచ్చేసరికి నేను కాలువ గట్టు మీదే ఉన్నాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి గుర్రపుడెక్క అల్లుకుపోయి, ఊదారంగు పూలు కూడా పూసేసింది. అడుగున నీళ్లున్నాయో లేవో తెలియాలంటే కర్రతో పక్కకి నెట్టి చూడాలి. నెట్టి చూశాను. బురద. ఏది పరిష్కారమైందో ఎవరైనా నాకు చెప్పండి.

జులై 24న, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర వర్ధంతికి మీరు విగ్రహానికి దండ వేసిన వీడియో మా గ్రూపులో వచ్చింది. వేయాల్సిందే, తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో కూడా ఆయన ఫొటో దేవుడి పటాల పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఆయన బతుకేమిటో మీకు తెలియక కాదు, తెలిసి కూడా మా కాలువ ఇలా ఎందుకుందో అర్థం కాక రాస్తున్నాను.

ఆయన అసలు సైనికుడు. 16 ఏళ్లకే మద్రాస్ ఇంజనీర్ల దళంలో చేరారు, కుర్రతనంలోనే మొదటి బర్మా యుద్ధానికి వెళ్లొచ్చారు. తర్వాత కావేరి మీద పని. అక్కడ చోళుల నాటి కల్లణై ఆనకట్ట కింద రాతి నేల లేకపోయినా, ఉత్త ఇసుక మీద అన్నేళ్లు ఎలా నిలబడిందో చూసి నేర్చుకున్నారు. యుద్ధం చేసొచ్చిన దొర, మన దేశపు పాత కట్టడం దగ్గర శిష్యుడిలా నిలబడ్డారంటే మామూలు విషయమా? ఆరోగ్యం దెబ్బతిని సుదీర్ఘ సెలవు మీద వెళ్లొచ్చిన మనిషి, కరువులకీ 1839 ఉప్పెనకీ చితికిపోయి ఉన్న మన డెల్టాకి వచ్చి, ఊరూరూ కొలతలు వేసుకుని 1844లో నివేదిక రాశారు. 1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. అడిగినంతమంది మనుషుల్ని పైవాళ్లు ఇవ్వలేదు, అయినా చేశారు. పక్కన సహాయకుడిగా మన వీణం వీరన్న గారు నిలబడ్డారు, వేలమంది కూలీలు రాళ్లు మోశారు. దొర మాత్రం నివేదిక పంపి ఊరుకోకుండా ధవళేశ్వరంలోనే ఉండి పని చేయించారు. నాకు ఆ ఒక్క ముక్క చాలండీ. పని జరిగే చోట మనిషి ఉన్నారు.

మా పని జరిగే చోట ఎవరూ లేరు. మా నాన్న గారు ఇదే కాలువ మీద లస్కరుగా, అంటే తూములూ షట్టర్లూ చూసుకునే పనివాడిగా చేశారు. చిన్నప్పుడు ఆయన వెనకాల నేనూ వెళ్లేవాణ్ణి. ఒక చేతిలో షట్టరు తిప్పే తాళం, ఇంకో చేతిలో గ్రీజు డబ్బా. వారానికోసారి మర మీద పాత గ్రీజు గోనెగుడ్డతో తుడిచేసి కొత్తది పూసేవారు, ఒక్క వేలు పట్టేంత కూడా తుప్పు ఉంటే ఊరుకునేవారు కాదు. ఇప్పుడు ఆ షట్టరు దగ్గరికి వచ్చి చూడండి. మర వంగిపోయింది, పలక అడుగున తిని తిని చిల్లులు పడింది, మూయాలంటే మేమే గడ్డీ, మట్టి బస్తాలూ అడ్డం వేసుకుంటున్నాం. నాన్న గారు రిటైరయ్యాక ఆ పోస్టులో మళ్లీ ఎవరూ రాలేదు. అడిగితే ప్రతిపాదన పంపాం అంటారు. ఏళ్ల తరబడి అదే మాట.

ఇక క్లోజర్ పనుల సంగతి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్లు వదులుతారు, పూడిక తీయాలన్నా తూడు కోయాలన్నా షట్టర్లు మార్చాలన్నా ఉన్నది ఆ కాస్త వ్యవధే, ఇది మీ శాఖలో అటెండరుకి కూడా తెలుసు. మరి టెండర్లు కాలువలు కట్టేశాక ఎందుకు పిలుస్తారు? మే నెల అంతా కాగితాలు తిరుగుతాయి. మెషిన్ వచ్చేసరికి నీళ్లు వదిలే రోజు దగ్గర పడుతుంది, పైన నాలుగు చోట్ల గట్టు పక్కన గీకి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. పోయినసారి మా చివరి రెండు కిలోమీటర్లకి మెషిన్ రానే లేదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని అడిగితే బిల్లులు రాలేదని కాంట్రాక్టరు ఆపేశాడు అన్నారు. ఆయన్నని లాభం లేదు పాపం, ఆయన కింద ఎన్ని కాలువలో. కానీ నేనెవర్ని అడగాలి?

దాళ్వాలో, అంటే రెండో పంటలో, మా పాట్లు చెప్పాలి, ఓపికగా చదవండి. వరి పొట్ట మీదుంటుంది, వంతులవారీ పెడతారు, మా వంతు వచ్చేసరికి పైన తూములు తెరిచే ఉంటాయి, కాలువలో మోటార్లు పెట్టి తోడేస్తుంటారు. వాళ్లూ రైతులే, వాళ్ల చేనూ ఎండకూడదు కదా, వాళ్లతో గొడవ పెట్టుకోమంటారా? రాత్రి ఒంటిగంటకి టార్చిలైటు పట్టుకుని ఆరు కిలోమీటర్లు పైకి నడిచి, ఒక్కో తూము దగ్గరా బతిమాలుకుని తిరిగొస్తే, తెల్లారేసరికి మాకు వచ్చేది చీలమండ లోతు. అదీ రానిరోజు ఇంజన్ పెట్టి మురుగు కాలువ నీళ్లు తోడతాం. ఆ నీళ్లలో సముద్రపు ఉప్పు ఉంటుంది. ఆకు కొసలు ముందు ఎర్రబడతాయి, తర్వాత కంకి తాలు పోతుంది. చేలో తెల్లగా పేరుకున్న ఉప్పుని మా అమ్మ అరచేతిలోకి తీసుకుని చూపించింది, ఏమీ అనలేదు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు రావు.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, గుర్తుందా అండీ? కాటన్ దొర నీళ్లిచ్చిన నేలలో రైతు చేను బీడు పెట్టుకున్నాడు. మళ్లీ మమ్మల్ని అక్కడికే నెట్టకండి.

పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది, 175 గేట్లు, పది లక్షల ఎకరాల ఆయకట్టు, దానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ దొర 75 ఏళ్ల వయసులో కూడా, 1878లో, లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఇండియాకి కాలువలు కావాలని వాదించారు. ఎవరి కోసం అండీ? మా ముత్తాతల కోసం. ఇప్పుడు మా కోసం వాదించేవాళ్లు కావాలి, అది మీరే అవ్వాలి.

అడిగేది పెద్దది కాదు. క్లోజర్ పనుల టెండర్లు జనవరిలోనే పిలవండి. పూడికతీత పై నుంచి కాకుండా ఈసారి చివరి నుంచి మొదలుపెట్టించండి. లస్కరు పోస్టు నింపండి, అది కుదరకపోతే ఊళ్లో కుర్రాడికి నెల జీతం మీద తాళం ఇచ్చినా చాలు. ఆ షట్టరు మార్చండి. దయచేసి మార్చండి. ఎస్టిమేట్ వేసి ఎప్పుడో పంపారట, మీ సంతకం దగ్గర ఉందో, ఇంకెక్కడైనా ఉందో మాకు చెప్పేవాళ్లు లేరు.

ఇంకొక్కటి. ఈ ఏప్రిల్‌లో కాలువ కట్టేసిన మర్నాడు రండి. కాన్వాయ్ వద్దు, గట్టు మీద కారు కూడా పట్టదు, మేమే సైకిల్ దిగి నడుస్తాం. మా నాన్న గారికి మోకాళ్ల నొప్పులు, అయినా మీరొస్తే షట్టరు దాకా నడుస్తానంటున్నారు. ఆ తాళం ఇంకా మా ఇంట్లోనే ఉంది, నూనె రాసి దాచారు.

ఇట్లు,
తూర్పు డెల్టా చివరి ఆయకట్టు రైతు