ముందు బంతి, తర్వాతే సాఫ్ట్‌వేర్

సంపాదకులకు,

ఇంటర్ ఫలితాలు రాగానే యానిమేషన్ మీద ఆసక్తి ఉన్న పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: మాయా నేర్చుకోవాలా, బ్లెండర్ నేర్చుకోవాలా? శిక్షణ కేంద్రాల బోర్డుల నిండా ఈ రెండు 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ల పేర్లే. బ్లెండర్ ఉచితం, మాయాకు చందా కట్టాలి. తేడా అంతవరకు నిజమే గానీ, కింద పడే బంతి రెండింటిలోనూ ఒకేలా పడాలి కదా!

సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి అర సెకనులో నేల తాకుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేములు. మొదటి 6 ఫ్రేముల్లో అది దిగేది పావు వంతే, మిగతా ముప్పావు చివరి 6లో. ఇది తెలియనివారు పైన ఒక కీ (ఆ ఫ్రేములో బంతి ఎక్కడుండాలో చెప్పే గుర్తు), కింద ఒక కీ పెట్టి, మధ్య కదలికను సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తారు. బ్లెండర్ మామూలుగా రెండు చివర్లా వేగం తగ్గిస్తుంది కాబట్టి బంతి నేల దగ్గర బెలూన్‌లా తేలుతుంది. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో నేల తాకే కీ దగ్గర వంపును మొనదేలేలా విరవాలి. పై కీ దగ్గర గుండ్రంగానే ఉంచాలి.

పాత్రల ఆకారాన్ని మలిచే మోడలింగ్‌లోనూ అంతే. మోచేతి దగ్గర ఒక్కటే ఎడ్జ్ లూప్ (చెయ్యి చుట్టూ తిరిగొచ్చే అంచుల వలయం) ఉంటే చెయ్యి మడవగానే రబ్బరు గొట్టంలా నొక్కుకుపోతుంది. మూడైనా ఉండాలి, మోచేతి వెనక ఎడంగా, మడత లోపల దగ్గరగా.

ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు పాత విద్యార్థులు చేసిన బంతి, నడక, బరువెత్తే అభ్యాసాలు చూపమని అడగాలి. గిర్రున తిరిగే లోగోలే చూపిస్తే ఇంకోచోట వెతుక్కోవడం మేలు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్