టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారికి: ఓటేసిన వాళ్ల సంతకం ఎందుకు చెల్లదు?

గౌరవనీయులైన సెక్రటరీ ఆఫ్ స్టేట్ గారికి,

2024 ఏప్రిల్‌లో మా ఇండియన్ స్టోర్ ముందు ఒక తెలుగమ్మాయి ఎండలో నిలబడి, ఒక స్వతంత్ర అభ్యర్థి పేరు అధ్యక్ష బ్యాలెట్ మీదికి రావాలని సంతకాలు అడుగుతోంది. బియ్యం బస్తా కార్లో పెట్టి వచ్చి పెన్ను అందుకున్నాను. "మార్చి ప్రైమరీలో ఓటేశారా అంకుల్?" అంది. పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక అది. వేశానన్నాను. "అయితే మీ సంతకం చెల్లదు అంకుల్" అంటూ అట్ట వెనక్కి తీసుకుంది.

ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. పౌరసత్వం వచ్చాక ఒక్క ఎన్నికా మానలేదు. ఓటేయడమే నా తప్పయిందా?

ఆ ఏడాది స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థికి మన రాష్ట్రంలో 1,13,151 సంతకాలు కావాలి. అంతకుముందు అధ్యక్ష ఎన్నికలో పోలైన ఓట్లలో 1 శాతం. గడువు మే 13. అంటే ప్రైమరీ తర్వాత రెండు నెలలు. అందులోనూ ప్రైమరీల్లో ఓటేసిన ముప్పై లక్షల మందికి పైగా జనాన్ని అడగడానికే లేదు. ఇండియాలో లోక్‌సభకు పోటీచేసే స్వతంత్రుడికి పది మంది ప్రతిపాదిస్తే చాలు. అంత తేలిక చేయమని నేను అడగట్లేదు.

బ్యాలెట్ ఎక్కినా గెలుపు కష్టమేనని తెలుసు. 1980లో రిపబ్లికన్ జాన్ ఆండర్సన్, డెమొక్రాట్ పాట్రిక్ లూసీని ఉపాధ్యక్ష అభ్యర్థిగా జతచేసుకుని స్వతంత్రంగా నిలబడితే 6.6 శాతం వచ్చింది. 1992లో మన టెక్సస్ మనిషే రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా, రాష్ట్రాల వారీగా దక్కి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటీ దక్కలేదు. గెలవడానికి కావాల్సిన 270 ఎలక్టోరల్ ఓట్లు ఎవరికీ రాకపోతే ప్రతినిధుల సభలో రాష్ట్రానికో ఓటు చొప్పున తేలుస్తారన్న భయమూ ఉంది. అదంతా ఓటర్లు ఆలోచించుకుంటారు. రెండు పార్టీల వాళ్లు కలిసి నిలబడితే బాగుంటుందో లేదో మేం చెప్పాలి. సంతకాల దగ్గరే ఆపేస్తే మా దాకా రాదు కదా.

చట్టం మార్చాల్సింది శాసనసభ అని తెలుసు. కానీ రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారిగా మీ మాటకు అక్కడ విలువుంటుంది. సంతకం అంటే ఓటు కాదు, ఒక మనిషికి పోటీచేసే అవకాశం ఇమ్మనడం. ప్రైమరీ ఓటర్ల మీద ఉన్న ఈ అడ్డు తీసేయమని, గడువు పెంచమని సిఫార్సు చేయండి. 2028 ప్రైమరీలో కూడా నేను ఓటేస్తాను. ఆ తర్వాత స్టోర్ ముందు ఎవరైనా అడిగితే సంతకం పెట్టే వీలుండాలి.

ఇట్లు,
డాలస్ దగ్గరి ఒక తెలుగు ఓటరు