ఇనప్పెట్టె వరండాలో ఎందుకుంది?

సంపాదకులు గారికి,

డిసెంబరు వచ్చిందంటే మీ జిల్లా పేజీలో నక్షత్రాలు, కేకులు, నాయకులు కొవ్వొత్తి వెలిగించే ఫొటోలు తప్పకుండా ఉంటాయి. మంచిదే. ఈసారి వీలైతే ఒక ఇనప్పెట్టె గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి.

మాది కడప జిల్లాలో ఒకప్పటి తాలూకా కేంద్రం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసిపోతుంది, నాకు వాళ్లతో పోట్లాట లేదు. మా పాత చర్చిని పడగొట్టి కొత్తది కడుతున్నారు. పైకప్పు టేకు దూలాలు, నేల మీది కడప బండలు కాంట్రాక్టరు లెక్కగట్టి తీసుకుపోయాడు. గంటను గోనెసంచిలో చుట్టి భద్రంగా దాచారు. బాప్తిస్మం, పెండ్లి, సమాధి రిజిస్టర్లున్న పెట్టె మాత్రం పాస్టరు అయ్యగారి ఇంటి వరండాలో, సిమెంటు మూటల పక్కన ఉంది. పైన పోయినేడాది క్రిస్మస్ ఫ్లెక్సీ ఒకటి కప్పారు. మొన్నటి వానల తర్వాత మూత ఎత్తి చూశాను. అన్నిటికంటే అడుగునున్న రిజిస్టరు అట్ట బాగానే ఉంది. తెరిస్తే లోపల జల్లెడ. చెద నడిచిన దారిలో పేర్లు సగం సగం మిగిలాయి.

లండన్ మిషన్ వాళ్లు 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చారు. ఆ తర్వాత గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం. నంద్యాల వైపు ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. పల్లెల్లో మాలవాడలు, మాదిగవాడలు గుంపులుగా చేరడం అంత తొందరగా జరిగింది కాదు. 1876-78లో వచ్చిన ధాత, ఈశ్వర కరువు తర్వాత అది బాగా పెరిగింది. గంజి కోసం చేరారని ఎత్తిపొడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గంజి కోసమే అయితే వానలు పడ్డాక వెనక్కి పోవాల కదా. మా రిజిస్టర్లలో వాళ్ల మనవళ్ల బాప్తిస్మాలూ ఉన్నాయి, మునిమనవళ్లవీ ఉన్నాయి.

ఆ పుస్తకాలు తిరగేస్తే మతం సంగతి అటుంచి, ఊరు కనిపిస్తుంది. పేరు, తండ్రి పేరు, పల్లె, పని. కూలి, నేత, తోలు పని, తలారి. ఓబులేసులు దావీదులయ్యారు, గంగమ్మలు రాహేలులయ్యారు. కొన్నిచోట్ల ఆనాటి అయ్యవారు పాత పేరు మీద గీత కొట్టి కొత్త పేరు రాశాడు, గీత కింద పాత పేరు ఇంకా చదవొచ్చు. కూలివాళ్ల మూడు తరాల పేర్లు పల్లెతో సహా ఇంత వరసగా దొరికే కాగితం మా తాలూకాలో ఇంకొకటి నేను చూడలేదు. పట్టాలున్నవాళ్లకు కరణం లెక్కలున్నాయి. భూమి లేనివాళ్లకు ఇదొక్కటే.

పెండ్లి రిజిస్టరు సంగతి ఇంకా బాగుంటుంది. ఆదివారం ఆరాధనలో మూడు వారాలు ప్రకటన చదివి, అభ్యంతరం లేకపోతే పెండ్లి చేస్తారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరులు, ఇద్దరు సాక్షులు, పాస్టరు సంతకం పెట్టాల. మా అవ్వ పెండ్లి 1908. ఆమె గుర్తు ఒక ఇంటూ, సిరా కాస్త కారిపోయి ఉంది. పక్కన అయ్యవారు 'వధువు గుర్తు' అని రాశాడు. 1931లో పెద్దమ్మ పెండ్లికి తెలుగులో సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా, భయంగా. మిషన్ బోర్డింగులో నాలుగో తరగతి దాకా చదివిందామె. 1958లో మా అక్క ఇంగ్లీషులో గిలికేసింది, ఏ అక్షరమో నాకే తెలియలేదు. ఒక ఇంట్లో ఆడవాళ్ల చదువు ఎట్లా వచ్చిందో మూడు పేజీల్లో చూశాను. ఆ మూడింటిలో మొదటి పేజీ మూల చెద తినేసింది.

పెట్టెలో కోత పండుగ లెక్కల పుస్తకం కూడా ఒకటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరు రెండు శేర్ల జొన్నలు తెచ్చారు, ఎవరు కోడిపెట్ట తెచ్చారు, వేలంలో గుమ్మడికాయ ఎంతకు పోయింది, అన్నీ రాసి ఉన్నాయి. ఆడవాళ్లు పూట పూటా వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు గింజలు ఏడాదికి ఎన్ని శేర్లయ్యాయో వేరే పద్దు. పాత పేజీల్లో జొన్న, కొర్ర. రానురాను వేరుశనగ. చివరికి అన్నీ కవర్లలో రూపాయలే. సీమ సేద్యం మీద పరిశోధన చేసేవాళ్లు ఎందుకో చర్చి గుమ్మం తొక్కరు.

పెట్టె వరండాకు చేరింది నిర్లక్ష్యం ఒక్కదానివల్లే కాదు. సంఘంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "సార్, అవి బయటికి తేవద్దు, పిల్లోళ్ల సర్టిఫికెట్లు పోతాయి" అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలకు మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్. మాలపల్లె నుంచి వచ్చినవాణ్ణి చర్చిలో చేరినంత మాత్రాన ఊరు తన బావిలో నీళ్లు తోడుకోనిచ్చిందా? అందుకే ఆదివారం ఒక పేరు, బడిలో ఇంకో పేరు. దాన్ని మోసం అనేవాళ్లు ఆ వాడలో ఒక నెల ఉండి వచ్చి అనమనండి. ఆ పెద్దాయన భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ భయానికి మందు చెదపురుగు కాదు.

నా మనవి ఇది. వందేళ్లు దాటిన రిజిస్టర్లను మాత్రమే ఫొటోలు తీసి అందరికీ తెరవండి. తర్వాతివి మూసి, సీలు వేసి పెట్టండి. ఆ ఇంటివాళ్లు వచ్చి తమ పద్దు అడిగితే తప్ప ఎవరికీ చూపొద్దు. సీమలోని సంఘాలన్నిటికీ ఈ మేరకు పైనుంచి ఒక సర్క్యులర్ వస్తే స్థానిక పెద్దలు కాదనరు. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో సంఘాల కాగితాలు భద్రపరిచే విభాగం ఉంది, వాళ్లను అడగొచ్చు. అంతకంటే దగ్గర కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పుస్తకాలు చెద పాలవుతుంటే చూడలేక సీపీ బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను పెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించాడు. అదే చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టారు. వేమన పద్యాలకు దొరికిన నీడ కాస్త మా ఓబులేసులకు కూడా దొరికితే తప్పేముంది?

లండన్ మిషన్ దొరలు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు 1973 నుంచి లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎండ ఎంత కాసిందీ, గుర్రం ఎప్పుడు చచ్చిందీ, అంతా భద్రం. వాళ్లు బాప్తిస్మమిచ్చినవాళ్ల పేర్లు ఇక్కడ సిమెంటు మూటల పక్కన.

కొత్త చర్చి వద్దని నేను అనడం లేదు. పాతదాంట్లో గుడ్‌ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు అయ్యేసరికి ముసలివాళ్లు ఉక్కపోతకు సొమ్మసిల్లేవాళ్లు. ఏసీ పెట్టుకోండి, తెర పెట్టుకోండి. లక్షల ఖర్చులో ఒక ఇనుప బీరువా పెద్ద బరువు కాదు.

ప్రస్తుతానికి మా ఇంటి నుంచి టార్పాలిన్ తెచ్చి పెట్టె మీద కప్పాను. అడుగున తడి తగలకుండా నాలుగు ఇటుకలు పెట్టి పైకి లేపాను. ఇటుకలు కాంట్రాక్టరువి, అడగకుండానే తీసుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప జిల్లా