లైన్ చివరి ఇంటి సోలార్ సంగతి చూడండి

సంపాదకుల వారికి,

పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు రూ.78 వేల వరకు రాయితీ వస్తుండడంతో మన చిత్తూరు జిల్లా పల్లెల్లోనూ మిద్దెల మీద ప్యానెళ్లు లేస్తున్నాయి. సంతోషమే. కానీ ఇన్ని ఇళ్ల కరెంటు ఒకే లైన్‌లో ఎలా సర్దుకోవాలన్నది ఎవరికీ పట్టడం లేదు.

ఐరాల మండలంలోని మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో మిట్టమధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి లైన్‌లోకి పంపే పెట్టె) 243 ఓల్టులు చూపిస్తూ నిక్షేపంగా నడుస్తుంది. అదే లైన్ చివరింట్లో 253 దాటగానే ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. మంచి ఎండ పూట యూనిట్లన్నీ పోయినట్టే. సాయంత్రమైతే ఆ ఇంట్లోనే ఓల్టేజీ 195కు పడిపోయి మోటారు మూలుగుతుంది. అడిగితే 'ఇన్వర్టర్ తేడా' అని ఒకరు, 'లైన్ తేడా' అని ఇంకొకరు. అసలు సంగతేమిటంటే, సన్నటి తీగలో కరెంటు ఇళ్ల నుంచి వెనక్కి పారినప్పుడు చివర ఓల్టేజీ పెరుగుతుంది. అందరి ప్యానెళ్ల భారం ఆ ఒక్క ఇల్లే మోయడం అన్యాయం.

ఈ భారం పంచుకునే దారి ఉంది. సొంతంగా నడిచే చిన్న గ్రిడ్‌లో, భారం పెరిగే కొద్దీ ఫ్రీక్వెన్సీ, ఓల్టేజీ కాస్త తగ్గించుకుంటూ ఇన్వర్టర్లు దాన్ని వాటంతటవే పంచుకునే 'డ్రూప్' పద్ధతిని చందోర్కర్, దివాన్, అడపా అనే పరిశోధకులు 1993లోనే వివరించారు. ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క) లైనంతా ఒకటే కాబట్టి దాన్ని చూసి పవర్ సరిగ్గానే పంచుకుంటాయి. ఓల్టేజీ ఇంటికో తీరుగా ఉంటుంది కనుక రియాక్టివ్ పవర్ (నేరుగా పని చేయకుండా లైన్‌లో అటూ ఇటూ తిరుగుతూ ఓల్టేజీని ప్రభావితం చేసే పవర్) దగ్గర లెక్క తప్పుతుంది. పంపకం సరిచేయబోతే ఓల్టేజీ చెడుతుంది, ఓల్టేజీ పట్టుకుంటే పంపకం చెడుతుంది. అందుకే ప్రతి ఇన్వర్టరూ ఇరుగుపొరుగు ఇన్వర్టర్లతో లెక్క చెప్పుకుంటూ, సగటు ఓల్టేజీని నిలబెట్టే విధానాలు వచ్చాయి. చెరువు కింద రైతులు గట్టు పక్కవాళ్లతో మాట్లాడుకుని నీటి వంతులు సర్దుకున్నట్టే. పెత్తనమంతా ఒక్క కంప్యూటర్‌కు ఇస్తే అది మొరాయించిన రోజు ఊరంతా ఇబ్బంది పడాలి.

కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు లైన్ చివర మధ్యాహ్నం, రాత్రి ఓల్టేజీ కొలవాలి. ఓల్టేజీని బట్టి రియాక్టివ్ పవర్ మార్చుకునే సెట్టింగు ఇన్వర్టర్లలో ఉంటే, ఇంటింటికీ విడిగా కాక లైన్ మొత్తానికి కలిపి పెట్టాలి. మామూలు సోలార్ ఇన్వర్టర్లు, లైన్‌మన్ ప్రాణభద్రత కోసం, కరెంటు పోగానే ఆగిపోతాయి. కాబట్టి తిరుపతి ఐఐటీ, ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ సాయంతో ఒక్క ఊళ్లోనైనా బ్యాటరీలతో మైక్రోగ్రిడ్ (బయటి కరెంటు పోయినా తనంతట తానే నడిచే ఊరి చిన్న గ్రిడ్) పెట్టి చూడాలి. పాల శీతలీకరణ కేంద్రం ఉన్న ఊరైతే మరీ మంచిది. కరెంటు పోతే జనరేటర్‌కు డీజిల్ కోసం పరుగెత్తే టెన్షన్ అక్కడే ఎక్కువ.

– ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ అధ్యాపకుడు, చిత్తూరు జిల్లా