ఆన్‌లైన్ ఎంసీఏకి డబ్బు కట్టేముందు

వేళచ్చేరి, చెన్నై

బుజ్జీ,

పీణ్యా ఆఫీసులో అకౌంట్స్ పని వదిలి డేటా ఎనలిస్టుగా మారాలన్న నీ ఆలోచనకు నేను అడ్డు చెప్పను. దానికోసం ఆన్‌లైన్ ఎంసీఏలో, అంటే రెండేళ్ల కంప్యూటర్ పీజీలో, చేరతానన్నావు చూడు, అక్కడే కాసేపు ఆగాలి. ఫోన్లో చెబితే సగం మాటలు జారిపోతాయని రాస్తున్నాను.

ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదని మీ మామయ్య అన్నది తప్పు. 2020 సెప్టెంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం ఆన్‌లైన్లో ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం. కాకపోతే విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు. ఏ కోర్సుకు, ఏ సెషనుకు అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో నువ్వే చూసుకోవాలి. చేరాలంటే ముందు డిజిలాకర్ ద్వారా నీ క్రెడిట్లు నమోదయ్యే ఏబీసీ ఐడీ, దాంతో ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే డెబ్ ఐడీ, ఆ తర్వాతే అడ్మిషన్ ఫారం. డెబ్ ఐడీ సంగతి ఎత్తకుండా ఈ రాత్రికే సీటు ఖాయం చేస్తామనే వాళ్లకు రూపాయి కూడా పంపకు. బీటెక్, లా, నర్సింగ్ లాంటివి ఆన్‌లైన్లో ఇవ్వడానికి వీల్లేదు. 2025 నుంచి సైకాలజీ కూడా అందులో చేరింది. మీ రూమ్మేట్ కౌన్సెలర్ అవ్వాలనుకుంటోందన్నావుగా, ఈ ముక్క తనకు తప్పకుండా చెప్పు.

చెల్లే డిగ్రీ అయినంత మాత్రాన ఉద్యోగం మారడానికి అదే కావాలని కాదు. పీజీ లేకపోతే దరఖాస్తే తీసుకోని చోట అది తప్పదు. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, పీజీ అర్హతగా పెట్టిన సర్కారు కొలువుకు వెళ్లాలన్నా వేరే దారి లేదు. నువ్వు చూస్తున్న ఉద్యోగాల మాటేమిటి? బెంగళూరులో ఫ్రెషర్లకు, రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు వచ్చిన డేటా ఎనలిస్టు ప్రకటనలు పది తీసి కాగితం మీద రాయి. ఒక పక్క అడిగిన చదువు, ఇంకో పక్క అడిగిన పని. పదింట్లో ఏడెనిమిది ఎంసీఏ తప్పనిసరి అంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఏదైనా డిగ్రీ చాలని చెప్పి, ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పవర్ బీఐ లాంటి డేటా పనిముట్లు వచ్చా అని అడుగుతుంటే నీ బీకామ్ తోనే ఆ గుమ్మం దాటావన్నమాట. ఇక మిగిలింది పని వచ్చని చూపించడమే.

గంటల లెక్క ఎవరూ చెప్పరు. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టరుకు 20 క్రెడిట్లనుకుంటే 600 గంటలు. 24 వారాలకు పంచితే వారానికి 25. బనశంకరి నుంచి పీణ్యాకి మెట్రోలో నిలబడి పాఠం వినొచ్చు గానీ, కోడ్ రాయలేవు కదా తల్లీ. దానికి తోడు నీ నెల ఎలా గడుస్తుందో చూడు: 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. అసైన్‌మెంట్ గడువులు వాటి మీదే వచ్చి పడతాయి. మార్చి నెలాఖరు, సెప్టెంబరు టాక్స్ ఆడిట్ సంగతి సరేసరి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు రెండో సెమిస్టరులో వెనకబడేది తెలివి తక్కువై కాదు, ఈ తేదీలు ముందే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోకపోవడం వల్ల.

అందుకని ముందు 12 వారాలు చిన్నగా పరీక్షించుకో. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో జనవరిలోనూ జులైలోనూ కోర్సులు మొదలవుతాయి. చేరడం ఉచితం, పరీక్షకే 1000 రూపాయలు కట్టాలి. డేటాబేస్ కోర్సు ఒకటి తీసుకో. 12 అసైన్‌మెంట్లలో మంచి మార్కులొచ్చిన 8 లెక్కలోకి తీసుకుని 25 మార్కులకు కుదిస్తారు, సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు 75. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. మూడు నెలలూ గడువు తప్పకుండా చేయగలిగితే రెండేళ్ల చదువు మోయగలవని నాకు నమ్మకం. ఇంకాస్త గట్టిది కావాలంటే ఇక్కడి ఐఐటీ మద్రాసు ఇచ్చే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ ఉంది. ఇంటర్ పాసై, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాల తర్వాత క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష. ఫౌండేషన్, డిప్లొమా దశల దగ్గర ఆగిపోయినా సర్టిఫికెట్ వస్తుంది. నీలాంటి వాళ్లకు, మధ్యలో ఆగితే ఏమీ మిగలని రెండేళ్ల కోర్సు కన్నా ఇదే మేలని నా ఉద్దేశం.

కోర్సుతో పాటు ఒక్క ప్రాజెక్టు చెయ్యి, అదీ నీ పనిలోంచే. చిన్న, సూక్ష్మ పరిశ్రమల సప్లయర్లకు ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులో, ఎంతైనా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే, 2023 ఫైనాన్స్ యాక్టు తెచ్చిన ఆదాయపు పన్ను నియమం కింద ఆ ఖర్చు బిల్లు వచ్చిన ఏడాదిని బట్టి కాక, డబ్బు కట్టిన ఏడాది లెక్కలోనే వస్తుంది. మార్చి 31 నాటికి ఏ బిల్లు ఎన్ని రోజులు దాటింది, దానివల్ల పన్ను ఎంత పెరుగుతుంది, ఇదే నీ ప్రశ్న. మూడు పట్టికలు చాలు: సప్లయర్లు, బిల్లులు, చెల్లింపులు. చిక్కులు ఎక్కడ వస్తాయో చెబుతాను. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ నుంచి ఎక్సెల్‌కు తెచ్చినప్పుడు కొన్ని తేదీలు తేదీలుగా కాక అక్షరాలుగా దిగుతాయి, రోజులు లెక్కించే తీసివేత సరిగా జరగదు. ఒకే సప్లయరు పేరు రెండు రకాలుగా ఉంటుంది. ఒక బిల్లుకు రెండు విడతల్లో డబ్బు వెళ్తే బిల్లుల, చెల్లింపుల పట్టికలను నేరుగా కలిపిన జాయిన్‌లో బిల్లు మొత్తం రెండుసార్లు పడుతుంది, అందుకే చెల్లింపులను ముందు బిల్లువారీగా కూడి తర్వాత కలుపు. మధ్యతరహా సంస్థలు ఈ నియమంలోకి రావు, వాటిని సంస్థ స్థాయి తెలిపే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చూసి వేరు చేయాలి. ఇంటర్వ్యూలో ఈ నాలుగు సంగతులూ నోటితో చెప్పగలిగితే చాలు, కంప్యూటర్ చదువు ఒక్కటే చదివి వచ్చినవాళ్లకు ఇవి తోచవు. ఆఫీసు డేటా మాత్రం బయటికి తేవద్దు. పేర్లు, అంకెలు అన్నీ నువ్వే కల్పించి రెండొందల వరసలు తయారు చేసుకో.

ఇవన్నీ చేశాక కూడా ఎంసీఏ కావాలనిపిస్తే చేరు, నేనూ సర్దుతాను. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్లాలి, రశీదు వాళ్ల పేరు మీదే రావాలి. నెలవారీ కంతులన్నారంటే చాలాసార్లు అది నీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. నువ్వు చదువు మానేసినా అప్పు ఆగదు, నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో కనబడుతుంది. ఓటీపీ చెప్పేముందు ఆ కాగితం నాకు పంపు. ఇంటర్లో నీకు లెక్కలు లేవు కాబట్టి ఆ లోటు పూడ్చే బ్రిడ్జ్ కోర్సు ఉందేమో, దానికి విడిగా ఫీజు ఉందేమో రాతపూర్వకంగా అడుగు. ప్లేస్‌మెంట్ సాయం అన్న మాటకు అర్థమేమిటో, ఉద్యోగం ఇప్పిస్తారా లేక ప్రకటనల లింకులు పంపుతారా అన్నదీ మెయిల్‌లోనే తేల్చుకో.

ఆదివారం ఫోన్ చేసేటప్పుడు ఆ పది ప్రకటనల కాగితం చేతిలో పెట్టుకో. ఒక్కొక్కటీ చదివి వినిపించు.

అమ్మ