పేరు దాచండి, రిజిస్టర్ దాచకండి

సంపాదకుడికి,

అయ్యా, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో ఆరోగ్య శాఖలో పనిచేసి, సూపర్‌వైజర్‌గా రిటైరయినవాణ్ని. డెంటల్ పీజీ చదువుతున్న మా బంధువుల అమ్మాయి ఈ మధ్య వచ్చి, "పెదనాయినా, అప్పట్ల బడిపిల్లల పండ్లు చూసి మీరు రాసిన రిజిస్టర్లు యాడున్నయి?" అని అడిగింది. ఏ ఆఫీసులో ఉంటాయో చెప్పి పంపాను. "డేటా చట్టం వచ్చింది, పేషెంట్ల వివరాలిస్తే మా మెడకు చుట్టుకుంటది" అన్నారట అక్కడి గుమాస్తాలు. పేర్లు కొట్టేసి ఇవ్వమన్నా ఇవ్వలేదు.

ఫ్లోరైడ్ పంటి పింగాణీని పాడుచేసేది ఆ పన్ను చిగురు లోపల తయారయ్యే చిన్న వయసులోనే. పాలపళ్లు ఊడి అసలు ముందు పళ్లు వచ్చేది ఆరు, ఏడు, ఎనిమిదేళ్లకు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ పళ్లు ఇప్పుడు వస్తున్నాయి. గార పళ్లు, అంటే ఫ్లోరైడ్‌తో మరకలు పడ్డ పళ్లు, ఎంత తగ్గాయి, ఏ తండాలో తగ్గలేదు, అక్కడ ఇంకా బోరింగు నీళ్లే తాగుతున్నారా అని తేల్చడానికి ఇదే అదను. తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఉన్న ఆవాసాలు లేవని 2020లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అది నీళ్ల లెక్క. పళ్ల లెక్క చూడాలంటే ముందు ఎట్లా ఉండేదో తెలియాలి. ఆ సంగతి పాత రిజిస్టర్లలో ఉంది.

చట్టం పేరు చెప్పారు కాబట్టి చదివాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఏ గుమాస్తా అయినా జంకుతాడు. కానీ 17వ సెక్షన్లో పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఉంది: ఆ సమాచారంతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోకూడదు, చెప్పిన ప్రమాణాలు పాటించాలి. పైగా కంప్యూటర్లోకి ఎక్కించని కాగితం రిజిస్టర్‌కు ఈ చట్టం వర్తించనే వర్తించదు! పేర్లు తీసేసిన రికార్డుల మీద అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) ఒప్పుకుంటే ఒక్కొక్కరి అనుమతి సంతకం అక్కర్లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనూ ఉంది.

అందరి సంతకాలూ తెమ్మంటే ఏమవుతుంది? దేవరకొండ, పాలమూరు వైపు నుంచి పనికోసం హైదరాబాద్, ముంబై పోయినవాళ్లు దొరకరు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగి మంచాన పడ్డవాళ్లలో చాలామంది పోయారు. దొరికేది కాస్త బాగున్నవాళ్లే. వాళ్లను లెక్కగట్టి జబ్బు తగ్గిందంటే నవ్విపోతారు.

అలాగని గోప్యత వద్దనను. అందులో నా తప్పూ ఉంది. ఒకసారి బడి గోడకు గార పళ్లున్న పిల్లల జాబితా అంటించాం. మందులిచ్చేటప్పుడు పిలవడానికి సులువని. మర్నాడు ఒక తల్లి వచ్చి దాన్ని చింపేసి, "రేపు నా బిడ్డను ఎవరు చేసుకుంటరు సారూ?" అంది. సంబంధాలు తప్పిపోతాయని వంకర కాళ్ల పిల్లలను ఇంట్లోంచి బయటికి రానివ్వని ఇళ్లు చూశాను.

చిక్కేమిటంటే, ఉత్త పేరు కొట్టేస్తే చాలదు. నలభై ఇళ్ల తండాలో కాళ్లు వంగిన ముప్పై నాలుగేళ్ల ఆడమనిషి అంటే ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. ఊరి పేరు తీసేద్దామంటే, ఒక బోరుకూ పక్క బోరుకూ ఫ్లోరైడ్ తేడా, అధ్యయనమే పనికిరాదు. నాకు తోచిన దారి ఒకటి ఉంది. రికార్డులున్న ఆఫీసే ఊరి పేరు తీసి, అక్కడి నీటిలో ఆ రోజుల్లో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండేదో వేసి, ఒక కోడ్ నంబరు ఇవ్వాలి. వయసు ఇంత అని కాకుండా అయిదేళ్ల గుంపులుగా రాయాలి. ఏ కోడ్ ఏ ఊరిదో చెప్పే పట్టీ ఆఫీసులోనే ఉంచుకోవాలి. ఏ కోడ్ దగ్గర పళ్లు బాగుపడలేదని తేలితే ఆ ఊరికి నీళ్లవాళ్లను వాళ్లే పంపొచ్చు.

1973లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ ప్రాంతపు పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అట్లాంటి రాతలతోనే బయటి డాక్టర్లకు మన గోడు తెలిసింది. జిల్లాలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దాని ఎథిక్స్ కమిటీ సరేనన్న అధ్యయనానికి కోడ్ వేసిన రికార్డులు ఇవ్వాలని కలెక్టర్ గారు ఒక ఉత్తర్వు ఇస్తే గుమాస్తాల భయం పోతుంది. చెదలు పట్టకముందే ఇస్తే ఇంకా మంచిది.

మా అమ్మాయి మాత్రం థీసిస్ విషయం మార్చుకుంది. పళ్లు నింపే సిమెంట్లలో ఏది గట్టిదో చూస్తోందట.

- ఒక విశ్రాంత ఆరోగ్య సూపర్‌వైజర్, నల్లగొండ