ఎగ్జిమా యాప్‌లను స్టార్‌లు చూసి ఎంచకండి

సంపాదకులకు నమస్కారం.

చర్మ సమస్యలకు పనికొచ్చే మొబైల్ యాప్‌ల గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, ఎన్ని స్టార్‌లు వచ్చాయి అన్న లెక్కన వాటిని వరసగా పేర్చారు. మా అమ్మాయికి పసితనం నుంచీ ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ఇలాంటి యాప్‌లు కొన్ని ఇంట్లో వాడి చూసినదాన్ని కాబట్టి, ఆ వరస మీద నా అభ్యంతరం రాస్తున్నాను.

ఎగ్జిమా రేగుతుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది, మళ్లీ రేగుతుంది. యాప్ కోసం ఎవరైనా ఎప్పుడు వెతుకుతారు? పిల్ల రాత్రంతా గోక్కుని, తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు చుక్కలు కనిపించినప్పుడు. ఆ తర్వాత ఏ యాప్ లేకపోయినా తీవ్రత కొంత తగ్గడం మామూలే. సరిగ్గా అప్పుడే రేటింగ్ ఇవ్వమని ఫోన్ అడుగుతుంది. హమ్మయ్య అనుకున్న తల్లి ఐదు స్టార్‌లు కొట్టేస్తుంది. మళ్లీ తిరగబెట్టినప్పుడు పనిగట్టుకుని వెళ్లి ఆ స్టార్‌లు తగ్గించేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఈ జబ్బు విషయంలో స్టార్‌లను నమ్మలేం అనేది అందుకే.

అన్నిటికంటే ముందు, యాప్ ఏం అడుగుతోందో చూడాలి. మేం వాడిన ఒకదాంట్లో రోజూ చర్మం ఎంత ఎర్రగా ఉందో నమూనా ఫొటోలతో పోల్చి నొక్కాలి. ఆ ఫొటోలన్నీ తెల్లటి చర్మం మీద గులాబీ రంగు మచ్చలే. మా అమ్మాయిది చామనఛాయ. ఎగ్జిమా రేగినప్పుడు తన చర్మం అలా ఎర్రబడదు. ముదురు గోధుమ రంగుకో, బూడిద రంగుకో తిరిగి గరుకుగా, మందంగా అవుతుంది. ఆ రోజు మోచేతి మడత పగిలి రసి కారుతోంది. అయినా ఫొటోలు చూసుకుని ‘ఎరుపు లేదు’ అని నొక్కింది. ఆకుపచ్చ నవ్వు ముఖం ఒకటి వచ్చి, ‘ఈరోజు మీ చర్మం చాలా బాగుంది’ అని చూపించింది. ‘అమ్మా, అయితే నాది ఎగ్జిమా కాదా?’ అని అడిగింది పిల్ల.

మా డాక్టరు గారు ఒక కాగితం ఇస్తారు. పోయెమ్ అనే ఆ ప్రశ్నావళిని బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారుచేశారు, 2004లో ప్రచురించారు. ఏడే ప్రశ్నలు. గడిచిన వారంలో ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, ఎన్ని రోజులు రక్తం వచ్చింది, రసి కారింది, పగిలింది, పొట్టు రాలింది, పొడిబారి గరుకుగా ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 28. స్కోరు 8 నుంచి 16 ఉంటే మధ్యస్థం, 17 నుంచి తీవ్రం. ఇందులో ఎరుపు ఊసే లేదు. ఏ రంగు చర్మం ఉన్నవాళ్లైనా తడుముకోకుండా జవాబివ్వచ్చు. ఇలాంటి కొలత పెట్టి, వారం వారం స్కోరును గ్రాఫ్‌గా చూపించే యాప్ ఉంటే, డాక్టరు ముందు కూర్చున్న ఆ కాస్త సమయంలో ‘ఈమధ్య ఎలా ఉంది?’ అంటే మాటలు వెతుక్కోనక్కర్లేదు. యాప్ వల్ల జరిగే అసలు మేలు నా దృష్టిలో ఇదే. తిండి, దుమ్ము, చెమట, బట్టలు, టెన్షన్ అంటూ రోజూ రాత్రి పెద్ద పట్టిక నింపమంటే, చదువుకునే పిల్ల ఎన్నాళ్లు నింపుతుంది? పైగా ఆ పట్టిక చూసి పాలు మానేయండి, గుడ్లు మానేయండి అని యాప్ చెప్పడం మరీ ప్రమాదం. ఎదిగే పిల్లల తిండి డాక్టరును అడగకుండా తగ్గించకూడదు.

మందు గురించి ఏం చెబుతోందన్నదీ చూడాలి. వాపు, దురద తగ్గించే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ‘పలుచగా రాయండి’ అని వదిలేస్తే మాలాంటివాళ్లు భయంతో చాలీచాలకుండా రాస్తారు, జబ్బు లొంగదు. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో కలిపి) మేరకు సరిపోతుంది. ఈ ఒక్క కొలత బొమ్మ వేసి చూపించినా ఎంతో ఉపయోగం. స్టెరాయిడ్ విషమని భయపెట్టి, ఆ కిందే సొంత క్రీమ్ అమ్ముకునే యాప్ కూడా మాకు తగిలింది.

ఫొటో తీస్తే జబ్బు పేరు చెప్పే యాప్‌లను మీరు పై వరసలో పెట్టారు. నాకు అన్నిటికంటే బాధ కలిగింది అక్కడే. తామర ఫంగస్ వల్ల వస్తుంది. యాప్ మాట నమ్మి దాన్ని ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ పూస్తే మొదట దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ పాకుతుంది. మచ్చ రూపం మారిపోయి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇంకో సంగతి, ఎదుగుతున్న ఆడపిల్ల మెడ, వీపు ఫొటోలు ఎవరి సర్వర్‌లో ఉంటాయి? అకౌంట్ తీసేస్తే అవీ పోతాయా? మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు.

ఫోన్ సాయం పనికిరాదని నేననను. బ్రిటన్‌లో ఎగ్జిమా కేర్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌ను పద్ధతిగా పరీక్షించి, ఆ ఫలితాలను 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే, దానితో పాటు ఈ వెబ్‌సైట్ కూడా వాడినవాళ్ల పోయెమ్ స్కోరు మెరుగ్గా ఉంది. తేడా చిన్నదే, కానీ ఏడాది దాకా నిలిచింది. ఏ యాప్ విషయంలోనైనా నాలాంటివాళ్లకు కావలసింది ఇలాంటి ఆధారం.

ఈసారి జాబితా వేసేటప్పుడు ప్రతి యాప్ పక్కన అది ఎవరు చేశారు, వాళ్లు ఏం అమ్ముతారు, ఏ కొలత వాడుతున్నారు, ఫొటోలు ఎక్కడికి పోతాయి అన్నవి రాయండి. ఒక చర్మవైద్య నిపుణుడికి చూపించండి. ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో, కనీసం ఒక్కసారి తిరగబెట్టే దాకా వాడించి చూడండి. మేం వాడినవాటి వివరాలు కావాలంటే సంతోషంగా పంపుతాను.

ఇట్లు,
ఒక తల్లి